ఒకే కాలు, ఎన్నో పేర్లు

“లేని పేషెంటును నేనెక్కడి నుంచి తేవాల, ఉమా? కంప్యూటర్లో ఎల్లేశం పేరు కొట్టి చూసినాను. మొన్న రాలేదు, నిన్న రాలేదు, ఈ పొద్దూ రాలేదు. ఇంక నువ్వు బయలుదేరొచ్చు.”

మధుసూదన్ ఆ మాట అని రిసెప్షన్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. సుచరణ కీళ్ల ఆస్పత్రికి అతను విజిలెన్స్ అధికారి. అంతకుముందు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. ఉమాశ్రీ అతని కింద ఏఎస్సైగా పనిచేసింది. ఇప్పుడు ఆమె మణికొండలో రెండు గదులు కిరాయికి తీసుకుని సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. ఖాకీ వదిలేసి ఇన్నేళ్లయినా, ఆమె కనబడగానే అతని గొంతులో పాత అధికారం లేచి కూర్చుంటుంది.

“కంప్యూటర్ని అడిగారు, సరే సార్. గేటు దగ్గర కెమెరాని అడిగారా?” అంది ఉమాశ్రీ.

“పేరే లేనప్పుడు కెమెరాతో ఏం పని?”

“చూసి చెప్పడానికి దానికి కళ్లున్నాయి కదా సార్.”

“నాకే పాఠాలు చెప్తాండావా? నీకు పంచనామా రాయడం నేర్పించిందే నేను.”

“నేర్పించారు. విన్నది రాయకు, చూసింది రాయి అని చెప్పింది కూడా మీరే.”

మధుసూదన్ మొహం తిప్పుకున్నాడు. అటువైపు కనకలక్ష్మి నిలబడి ఉంది. పుప్పాలగూడ పాత ఊరి మనిషి. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేక ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కనబడకుండా పోయిన ఎల్లేశం ఆమె భర్త.

“మా ఆయన దవాఖానకే పోతున్న అని చెప్పి పోయిండు సారూ. అబద్ధం ఆడే మనిషి కాదు,” అందామె.

“ఇంట్లో ఏమన్నా కొట్లాట జరిగిందేమో, అది సూడు ముందు.”

“సంసారమన్నంక కొట్లాట కాకుంటెట్ల? కొట్లాడినా బువ్వకు ఇంటికే వస్తడు.”

ఉమాశ్రీకి ఆ మాటలో ఆ ఇంటి సంగతంతా తెలిసిపోయింది. అలిగి వెళ్లిన మనిషి కాదు. మరి ఎక్కడికి వెళ్లినట్టు?

ఎల్లేశం ఒకప్పుడు తాడిచెట్టెక్కి కల్లు గీసేవాడు. నడుముకు కట్టుకున్న మోకు జారి పడ్డప్పుడు ఎడమ కాలి చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కీలు అరిగిపోయింది. ఎనిమిదేళ్లు అడుగు తీసి అడుగు వేయాలంటే పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. మూడేళ్ల క్రితం ఈ ఆస్పత్రిలోనే, డాక్టర్ విశ్వేశ్వరరావు చేతుల మీదుగా అరిగిన కీలు తీసేసి కొత్త కీలు వేయించుకున్నాడు. నొప్పి పోయింది. శుక్రవారం భజనలో మళ్లీ బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగాడు. అప్పటి నుంచీ ఆ డాక్టరు మాటంటే అతనికి దేవుడి మాటే. ఆస్పత్రి వాళ్లు ఎప్పుడు రమ్మన్నా చెప్పులేసుకుని బయలుదేరేవాడు.

మొన్న పొద్దున తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని బయలుదేరాడు. దవాఖానకు పోయే మనిషికి ఇంత ముస్తాబేంది అని కనకలక్ష్మి అడిగితే, ‘మొక్కున్నదే’ అన్నాడట. ఆ తర్వాత అతని ఫోను కూడా మోగలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉమాశ్రీ నిన్నంతా గుళ్లన్నీ తిరిగింది. ఎక్కడా అతని జాడ లేదు. ఇక మిగిలింది అతను చెప్పిన చోటే.

“రా అక్కా, కాసేపు కూర్చుందాం,” అని ఉమాశ్రీ కనకలక్ష్మిని హాల్లోకి నడిపించింది. వెళ్లిపోయే ఉద్దేశం ఆమెకు లేదు. మధుసూదన్‌కి కూడా ఆ సంగతి తెలుసు. అతనూ వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంది. ‘చీలమండ మార్పిడి తర్వాత మూడేళ్లకు మా పేషెంట్ల నడక’ అని అక్షరాలు వచ్చి, వరుసగా వీడియోలు నడుస్తున్నాయి. శబ్దం లేదు. మొహాలు లేవు. మోకాళ్ల కింద నుంచి పాదాల దాకా మాత్రమే, అడుగున వయసు. అరవై నాలుగేళ్ల పురుషుడు, హాయిగా నడిచి వెళ్లాడు. యాభై తొమ్మిదేళ్ల పురుషుడు, హాయిగా నడిచి వెళ్లాడు. డెబ్బై ఒక్క ఏళ్ల పురుషుడు, అతనూ అంతే హాయిగా.

మూడోది అయ్యేసరికి ఉమాశ్రీ లేచి టీవీ దగ్గరకు వెళ్లింది.

చీలమండ ముందువైపు నిలువుగా కోత మచ్చ మూడింటికీ ఉంది. అది ఉండాల్సిందే, ఆపరేషన్ అక్కడి నుంచే చేస్తారు. ఆమె చూసింది పక్కనున్న ఎముకని. బయటివైపు పొడుచుకొచ్చిన ఆ ఎముక మీద నల్లగా కాయ కాసి ఉంది. నేల మీద కూర్చునేవాళ్లకు కాసే కాయే అది. రోజూ పీట కూడా లేకుండా పూజకు కూర్చునే ఉమాశ్రీ కాలికీ ఉంది. కానీ ముగ్గురు మనుషులకు ఒకేచోట, ఒకే ఆకారంలో, దాని మీదుగా ఒకే తెల్లటి గీతతో ఎలా కాస్తుంది?

“అక్కా, ఆ కాలు చూడు.”

కనకలక్ష్మి చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“గిది మా ఆయన కాలే! తాడు మీదికెళ్లి పడ్డప్పుడు మట్ట గీరిన గీత గదే.”

తెర మీద ఇంకో వీడియో మొదలైంది. ఇంకో వయసు, ఇంకో పేషెంటు.

“గిది గూడ ఆయనదే! ఏందమ్మా గిది? అందరి మోకాళ్ల కింద నా మొగని పాదమే ఉన్నదా?”

“కాళ్లన్నీ ఒక మాదిరే ఉంటాయిలేమ్మా,” అన్నాడు మధుసూదన్.

“నీకు ఉంటయేమో సారూ. ఎనిమిదేండ్లు గా కాలుకు నూనె రాసిన నాకు ఉండయి.”

దగ్గర్లో కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు. ఉమాశ్రీ గొంతు పెంచలేదు, తగ్గించింది.

“సార్, ఈ వీడియోలు తీసిన గది నాకు చూపించండి. లేదంటే ఈ నలుగురు పేషెంట్లూ ఎవరెవరని ఇక్కడే నిలబడి గట్టిగా అడుగుతాను. ఆపరేషన్ చేయించుకుందామా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లే ఇక్కడ కూర్చున్నవాళ్లంతా. వాళ్లకీ వినాలని ఉంటుంది.”

మధుసూదన్ పళ్లు కొరికాడు. “పది నిమిషాలు. నేను పక్కనే ఉంటా. ఏదీ ముట్టుకోకూడదు.”

*

నడక పరీక్ష గది రెండో అంతస్తులో ఉంది. పొడవుగా పరిచిన రబ్బరు చాప, అటూ ఇటూ నేల ఎత్తులో కెమెరాలు, ఆ చివర ఒక స్టాండు మీద ఇంకో కెమెరా. కంప్యూటరు ముందు రమ్య అనే అమ్మాయి కూర్చుని ఉంది. పేషెంట్లను నడిపించి వీడియో తీసే టెక్నీషియన్ ఆమే. మధుసూదన్ వెనక ఇద్దరు ఆడవాళ్లు రావడం చూసి, తెర మీదున్నదేదో గబుక్కున మూసేసింది.

ఉమాశ్రీ ఆ అమ్మాయిని ఏమీ అడగలేదు. చెప్పులు బయట విడిచి, చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నడక మొదలుపెట్టే గీత దగ్గర రబ్బరు మీద ఎర్రటి మరక. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కుంకుమ. ఒకసారి పడింది కాదు, మళ్లీ మళ్లీ పడి ఇంకిపోయింది.

“ముట్టుకోవద్దన్నాను,” అన్నాడు మధుసూదన్.

“వాసన చూశాను సార్.”

లేచి ఆ చివరికి వెళ్లింది. అక్కడ నేల మీద అడ్డంగా పసుపు టేపు అంటించి ఉంది. దాని అవతల కెమెరా స్టాండు, దాని వెనక గోడ. స్టాండుకీ గోడకీ మధ్య మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. ఎవరికీ పని లేని ఆ సందులో మూలల్లో దుమ్ము మేటవేసింది. నడిమధ్య మాత్రం నేల నున్నగా మెరుస్తోంది.

“అమ్మా రమ్యా, పేషెంట్లు ఎక్కడ వెనక్కి తిరగాలి?”

“టేపు దగ్గర మేడమ్. అక్కడ టర్న్ తీసుకుని బ్యాక్ రావాలి.”

“మరి స్టాండు వెనక నుంచి చుట్టి వచ్చేది ఎవరు?”

రమ్య కంప్యూటరు వైపు తిరిగింది.

“కుడివైపు నుంచి చుట్టి వస్తాడు. మొదలుపెట్టే ముందు వంగి నేలకు దండం పెడతాడు, నుదుటి కుంకుమ అక్కడ రాలుతుంది. అవునా?”

“మేడమ్, పేషెంట్ డేటా కాన్ఫిడెన్షియల్. నేనేం చెప్పలేను.”

“ఏ పేషెంటు డేటా అమ్మా? టీవీలో వయసులు వేసిన వాళ్లదా, కాలున్న ఆయనదా?”

రమ్య మధుసూదన్ వైపు చూసింది. అతనికి ఈ సంగతి కొత్తదని అతని మొహమే చెబుతోంది. ఉమాశ్రీ అది గమనించి కొంచెం ఊరట పడింది. వాదించే మనిషి వేరు, దాచే మనిషి వేరు.

ఆమె కుర్చీ లాక్కుని రమ్య ఎదురుగా కూర్చుంది.

“ఎల్లేశం గారు నిన్నేమని పిలిచేవాడు?”

“బిడ్డా అనేవారు. వచ్చినప్పుడల్లా సీతాఫలాలో, తాటిముంజలో తెచ్చేవారు.”

“ఆ మనిషి ఇంటికి రాక ఇది మూడో రోజు. ఈమె ఆయన భార్య.”

రమ్య కనకలక్ష్మిని చూసింది. కనకలక్ష్మి ఏడవలేదు, తిట్టలేదు. “చెప్పు బిడ్డా,” అంది అంతే. ఆ పిలుపుకు అమ్మాయి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మూసేసిన వీడియో మళ్లీ తెరిచి, శబ్దం పెంచింది.

తెర మీద అదే కాలు. నడక ఇంకా మొదలవలేదు. పైనుంచి, కెమెరాకు అందనంత ఎత్తు నుంచి, ఒక ముసలి గొంతు సన్నగా వినబడింది.

“మదీనాగూడ ఓబులేసు పేరు మీద… సామీ, ఆయన కాలు మంచిగ జెయ్యి.”

తర్వాత పాదాలు కదిలాయి. నెమ్మదిగా, గుడి చుట్టూ తిరిగే నడక.

కనకలక్ష్మి గోడకు జారబడి నేల మీద కూలబడింది.

“నేనే నేర్పిన ఉమమ్మా, గిది నేనే నేర్పిన! ఆయన నడవలేని రోజులల్ల చిలుకూరు గుడికి పోయి ఆయన పేరు మీద నేను పదకొండు చుట్లు తిరిగిన. కాలు మంచిగైనంక ఆయనే పోయి నూట ఎనిమిది తిరిగిండు. ‘నువ్వు తిరిగినవు గాబట్టే నాకు నడకొచ్చిందే’ అంటుండె.”

నడవలేనివాళ్ల తరఫున ఇంకొకరు ప్రదక్షిణ చేయడం ఉమాశ్రీకి కొత్తకాదు. తన అత్తగారి మోకాళ్ల కోసం తనూ తిరిగింది. కానీ ఆ నమ్మకాన్ని ఒక కెమెరా ముందు నిలబెట్టి వాడుకోవచ్చని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“ఎవరు చెప్పారమ్మా ఇలా చేయమని?” అని రమ్యను అడిగింది. గద్దించలేదు.

“డాక్టరు గారే. మూడేళ్ల చెకప్‌కి చాలామంది రాలేదు మేడమ్. రీసెర్చ్ పేపర్ పబ్లిష్ చేయాలి, టైమ్ అయిపోతోంది. రానివాళ్లంతా బాగున్నట్టే అన్నారు. బాగున్నవాళ్లు ఆస్పత్రికి ఎందుకొస్తారు, నొప్పి ఉన్నవాళ్లే కదా పరుగెత్తుకొస్తారు అని. ఎలాగూ బాగున్నారు కాబట్టి, వాళ్ల బదులు బాగున్న ఇంకొకర్ని నడిపిస్తే తప్పేంటి అన్నారు.”

“కాలు బాగున్న ఎల్లేశం గారు పిలిచినప్పుడల్లా వచ్చారు కదమ్మా?”

రమ్య తల ఎత్తింది. ఆ ప్రశ్న ఆమెకు ఇంతకుముందు తట్టినట్టు లేదు.

“బాగైన మనిషి కృతజ్ఞతతో వచ్చాడు. బాగుకాని మనిషి ఇక్కడ నమ్మకం పోయి ఇంకో ఆస్పత్రి వెతుక్కుని ఉంటే? అతన్ని ఏ లెక్కలో వేశారు?”

“నాకు తెలీదు మేడమ్. ఎల్లేశం గారికి మాత్రం, వాళ్లు రాలేకపోతున్నారు, వాళ్ల బదులు నడవండి అని చెప్పాను. ఆయనే ప్రతిసారీ పేరు అడిగేవారు. పేరు తెలవకుంటే వాళ్లకెట్ల ముడుతది బిడ్డా అని. నాకప్పుడు అర్థం కాలేదు. పేరూ ఊరూ చెప్పేసేదాన్ని.”

“ఇంక చాలు!” మధుసూదన్ చెయ్యి చాచి వీడియో ఆపేశాడు. “ఇది ఆస్పత్రి సొత్తు. ఒకడి బదులు ఇంకొకడు నడిచినాడు, తప్పే. నేను పైవాళ్లతో మాట్లాడతాను. అయితే ఉమా, నువ్వు వచ్చింది మనిషి కోసం. మనిషి ఏమైనాడో ఇందులో ఎక్కడుంది?”

“ఉంది సార్. మీరు ఎవరి కోసమైనా మొక్కు తీరిస్తే, వాళ్లకు నయమైందో లేదో తెలుసుకోకుండా ఉంటారా?”

మధుసూదన్ నుదురు ముడిపడింది. అతనూ శనివారం ఉపవాసం ఉండే మనిషే.

“ఓబులేసు ఫోన్ నంబరు ఇవ్వమ్మా,” అంది ఉమాశ్రీ.

రమ్య ఇచ్చింది. ఈసారి మధుసూదన్ వద్దనలేదు.

*

ఫోను ఎత్తింది ఓబులేసు భార్య చెన్నమ్మ. ఉమాశ్రీ స్పీకరు పెట్టి, తానెవరో చెప్పి, ఎల్లేశం అనే పెద్దమనిషి మీ ఇంటికి వచ్చాడా అని అడిగింది.

“వచ్చినాడు మా! నాలుగు దినాలైంది. ముందూ ఎనకా తెలీని మనిషి. గడపలో నిలబడి, ‘నేను మీ ఆయన కోసం నడిచినానమ్మా, ఇప్పుడు కాలు ఎట్లుంది’ అన్యాడు. లోపలికి పిలిసి సూపించినా. ఏముంది సూపించనీకి! ఏసిన కీలు కదిలిపోయి, చీము పట్టి, వేరే ఆస్పత్రిలో దాన్ని తీసేసినారు. రెండు కట్టెలు సంకన పెట్టుకొని బాత్రూముకు పోతాడు మా ఆయన. అదీ సంగతి.”

“చూసి ఆయన ఏమన్నాడు?”

“కాలు పట్టుకొని ఏడిసినాడు మా. ‘నా నడక నీకు ముట్టలేదా అయ్యా’ అంటాడు. నా నడకలో ఏం దోషముందో అంటాడు. మాకేం అర్థమయ్యేది?” వెనక నుంచి ఎవరో దగ్గారు. “ఈయన గూడ ఇక్కడే ఉండాడు, మాట్లాడతావా?”

“ఉండమ్మా. వెళ్లేముందు ఇంకేమైనా అన్నాడా?”

“అదే మా, నవ్వొచ్చే మాట. ‘నా కాలులో ఉండే కీలు మంచిది, అది నీకే ఇప్పిస్తా, డాక్టరు నా మాట కాదనడు’ అన్యాడు. కీలేమన్నా గోడ గడియారమా, ఈడ ఊడదీసి ఆడ తగిలించనీకి అని మా ఆయన నవ్వినాడు. ఆ పెద్దాయన మాత్రం నవ్వలే.”

కనకలక్ష్మి లేచి నిలబడింది. తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని బయలుదేరిన మొక్కు ఏమిటో ఆమెకు తెలిసిపోయింది.

“చెన్నమ్మగారూ, ఒక్క మాట. సుచరణ ఆస్పత్రి నుంచి మీ ఆయన్ని రమ్మని ఎవరైనా పిలిచారా? కొత్త కీలు వేస్తామని గానీ, ఇంకేదైనా గానీ?”

“ఎవరు పిలుస్తారు మా? ఈయన రావడం మానేసినాక బతికినాడా సచ్చినాడా అని అడిగినోళ్లు లేరు.”

ఉమాశ్రీ ఫోను పెట్టేయకుండానే రమ్య వైపు తిరిగింది.

“డాక్టరు గారు ఇప్పుడు ఎక్కడున్నారు?”

“థియేటర్లో.”

“ఏం ఆపరేషన్?”

రమ్య కంప్యూటర్లో చూసింది. “లెఫ్ట్ యాంకిల్. పాత కీలు తీసేసి ఎముకలు కలిపి అతికించేది. అలా అతికిస్తే చీలమండ ఇక వంగదు మేడమ్. పేషెంట్ మొన్న అడ్మిట్ అయ్యారు.”

“పేరు?”

రమ్య తెరను వీళ్ల వైపు తిప్పింది.

ఓబులేసు. మదీనాగూడ.

ఫోనులో, మదీనాగూడలో, ఓబులేసు మళ్లీ దగ్గాడు. “ఎవరే అది? ఏమంట?” అని భార్యను అడుగుతున్నాడు.

మధుసూదన్ ఆ తెర వంక చూస్తూ ఉండిపోయాడు. అతను పొద్దుటి నుంచీ నమ్మింది ఆ తెరనే.

“సార్,” అంది ఉమాశ్రీ, “ఆ వీడియోలన్నీ ఒక్క మనిషివే అనడానికి సాక్ష్యం ఆ మనిషి కాలే. ఆ కాలు కోసి, కీలు తీసి, ఎముకలు అతికించేస్తే అది ఇక ఆ కాలు కాదు. ఆ నడకా ఉండదు. చెడిపోయిన ఓబులేసు కీలుకు ఇక్కడే వైద్యం చేశామని రాసుకోవచ్చు. ఎల్లేశం పేరు మీద మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇంతకన్నా సులువైన దారి ఏ నేరస్థుడికి దొరుకుతుంది? బలిచ్చే గొర్రె తనంతట తనే తలంటుకుని వచ్చింది.”

“డాక్టరు అట్లా చేసే మనిషి కాదు ఉమా. నా చెల్లెలి మోకాలు ఆయనే చేసినాడు.”

“బాగా చేసే ఉంటారు. ఈయన కాలూ బాగానే చేశారు కదా. చెయ్యి మంచిదే సార్. కొందరికి కుదరదు, అది ఎవరి తప్పూ కాకపోవచ్చు. కుదరలేదని చెప్పలేకపోవడం దగ్గరే అంతా మొదలైంది. ఇప్పుడు థియేటర్ తలుపు తెరుస్తారా, లేదా?”

మధుసూదన్ మెడలోని కార్డును గుప్పిట్లో పట్టుకున్నాడు. “ఆపరేషన్ మధ్యలో ఆ తలుపు తెరిస్తే రేపు నాకు ఉద్యోగం ఉండదు.”

“సారూ,” అంది కనకలక్ష్మి, “ఆయనకు కాలు ఉండదు.”

మధుసూదన్ గది బయటికి వచ్చాడు. ముందు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.

*

లిఫ్టులో ఫోను తెగిపోయింది. నాలుగో అంతస్తులో థియేటర్ బయట కుర్చీలన్నీ ఖాళీ. ఓబులేసు తాలూకు అని ఎదురుచూసేవాళ్లు ఎవరుంటారు? మధుసూదన్ కార్డు ఆనించాడు. తలుపు పక్కకు జరిగింది.

లోపల ఇంకో అద్దాల తలుపు. దాని అవతల పచ్చటి గుడ్డల మధ్య బల్ల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి దాకా గోధుమరంగు మందు పూసి, ఎత్తి పెట్టి ఉంది. కోత ఇంకా పడలేదు.

అలికిడికి మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది. “ఎవరు మీరు? ఎలా వచ్చారు లోపలికి?”

“అమ్మా, ఆ బల్ల మీదున్నది ఓబులేసు కాదు. ఓబులేసుతో నేను ఇప్పుడే మాట్లాడాను, ఆయన మదీనాగూడలో తన ఇంట్లో ఉన్నాడు. ఈయన పేరు ఎల్లేశం. ఈమె ఈయన భార్య.”

డాక్టరమ్మ మాస్కు పైన కళ్లు పెద్దవయ్యాయి. వెనక నుంచి విశ్వేశ్వరరావు వచ్చాడు. చేతులకు తొడుగులు, రెండు చేతులూ ఛాతీ ముందు పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. గొంతులో ఎక్కడా తొణుకు లేదు.

“మధుసూదన్ గారూ, మీరు కూడానా? చూడండమ్మా, పేషెంటు తన ఇష్టంతో వచ్చారండీ. తన చేత్తో సంతకం పెట్టారు. దయచేసి బయట కూర్చోండి, ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత?”

“పేరులో అనుమానం వస్తే ఆగాల్సిందే సార్,” అంది మత్తు డాక్టరమ్మ. మెల్లగా అంది గానీ గట్టిగానే అంది. “నడుముకే సూది ఇచ్చాను, స్పృహలోనే ఉన్నారు. ఆయన్నే అడుగుదాం.”

విశ్వేశ్వరరావు ఒక్క క్షణం ఆగి, “అడగండి,” అన్నాడు. ఆ ఒక్క మాట అన్న తీరుకు ఉమాశ్రీ చురుగ్గా అతని వైపు తిరిగింది. భయపడాల్సిన మనిషి ఎందుకు భయపడలేదు?

అద్దాల తలుపు పూర్తిగా తెరిచారు. డాక్టరమ్మ బల్ల పక్కన వంగింది.

“పెద్దాయనా, మీ పేరు చెప్పండి.”

“ఓబులేసు,” అన్నాడు ఎల్లేశం.

తడబాటు లేదు. చాప ముందు నిలబడి ఇంకొకరి పేరు చెప్పుకుని దండం పెట్టిన గొంతే అది.

“ఏమయ్యో!” కనకలక్ష్మి గుమ్మం పట్టుకుని ముందుకు వంగింది. “నేనయ్యా! ఇటు జూడు! నీ కాలు కోస్తున్నరు, లెవ్వయ్యా!”

“ఈమె ఎవరో మీకు తెలుసా?” అని అడిగింది డాక్టరమ్మ.

ఎల్లేశం తల తిప్పి భార్యను చూశాడు. చాలాసేపు చూశాడు. ఉమాశ్రీకి అప్పుడు తెలిసింది, తాను ఇంతసేపూ గెలవాలనుకున్నది డాక్టరు మీద, నిజానికి ఒప్పించాల్సింది ఈ మనిషిని. ఇక్కడ తన పేరు తాను చెప్పుకుంటే మొక్కు చెడుతుంది, కీలు ఓబులేసుకు ముట్టదు అని ఎవరో అతనికి నమ్మకంగా చెప్పి ఉంచారు.

అతని కంటి కొన నుంచి నీటిచుక్క చెవి మీదికి జారింది. రెండు చేతులూ కష్టం మీద పైకెత్తి, జోడించి, భార్యకు దండం పెట్టాడు.

“నాకు తెల్వదమ్మా,” అన్నాడు. “ఎవరో ఏమో. మీరు కానియ్యుండ్రి.”